మా వైపు లోతు లేదన్నవారికి

హైదరాబాద్ తూఫాన్స్ హాకీ జట్టు యాజమాన్యం వారికి, ఆటగాళ్లను ఎంపిక చేసే బృందం వారికి,



పోయిన ఏడాది ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని ఒకచోట సెలక్షన్స్‌కి వెళ్లాను. ఎక్కడ జరిగాయో, ఎవరు జరిపారో చెప్పను. ఆ రోజు అక్కడున్నది మీ మనుషులు కారు, కాబట్టి ఆ తప్పు మీ నెత్తిన వేయను. అట్టకు క్లిప్పు పెట్టిన కాగితాలు పట్టుకుని తిరుగుతున్న ఒకాయన మా పిల్లల పేర్ల పక్కన అడ్డగీత గీశాడు. నా నెరిసిన తల చూసి జాలిపడ్డాడో ఏమో, దగ్గరికొచ్చి, "పిల్లలు బాగానే ఆడతారు మాస్టారూ, కానీ మీ వైపు డెప్త్ లేదు" అన్నాడు.

తిరుగు రైల్లో పిల్లలిద్దరూ వేరుశెనక్కాయలు తిని పడుకున్నారు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. లోతు లేదంట! ఎవరికి చెబుతున్నాడు ఆ మాట? మడకశిర, గుడిబండ, రొళ్ల, అమరాపురం, ఈ మండలాల్లో లోతు అంటే ఏమిటో తెలియని ఇల్లుందా? కొబ్బరికాయ చేతిలో పెట్టుకుని పొలమంతా నడిచే పెద్దమనిషి చేత పాయింటు చూపించి, ఐదొందల అడుగులు దించి, ఏడొందలు దించి, వెయ్యి దాటినా దుమ్ము తప్ప ఏమీ రాక, బోరుబండి బాకీ నెత్తినేసుకుని బెంగళూరుకు మూట సర్దిన కుటుంబాలు మావి. పక్కవాడి బోరులో రెండించుల నీళ్లు పడి మన బోరులో ఎందుకు పడలేదని రాత్రంతా లెక్కలేసుకున్నవాళ్లం. మాకు లోతు గురించి ఒక అట్ట పట్టుకున్నాయన చెప్పాలా?

అయినా ఈ లేఖ ఆయనకు రాయడం లేదు. మీకే రాస్తున్నాను. ఎందుకంటే ఆ మాట ఆయన సొంతం కాదు. డబ్బున్న జట్లు ఆటగాళ్ల జాబితాలు తయారుచేసే తీరులోంచి పుట్టి, కింది మెట్టు దాకా పాకిన మాట అది.

మీకే ఎందుకంటే, తెలుగు నేల పేరు మోస్తున్న పెద్ద హాకీ జట్టు ఇవాళ మీది ఒక్కటే. 2017తో ఆగిపోయిన హాకీ ఇండియా లీగ్ 2024 డిసెంబరులో మళ్లీ మొదలైనప్పుడు పురుషుల్లో ఎనిమిది జట్లుండేవి. అందులో రెండు మనవని సంబరపడ్డాం. మీది ఒకటి. రెండోది విశాఖపట్నం లెక్కలో వచ్చింది, దాని పేరు టీమ్ గోనాసిక. గోనాసిక ఎక్కడుందని పిల్లలు అడిగితే పటం తీసి చూపించాను. ఒడిశాలో, కియోంఝర్ కొండల్లో, బైతరణి నది పుట్టే చోటు. విశాఖ జట్టుకు బైతరణి పుట్టే చోటి పేరు ఎందుకు పెట్టారో నాకు తెలియదు గానీ, వైతరణి పేరు వినగానే దాని ఆయుష్షు అనుమానించాల్సింది. ఒక్క సీజన్ ఆడింది. రెండో సీజన్‌కి దాని చోట రాంచీ జట్టు దిగింది. ఇక మిగిలింది మీరు.

హైదరాబాద్ మీ రాజధాని కాదు కదా, మీకెందుకు అంటారేమో. నిజమే. మాకు బెంగళూరు మూడు గంటల దారి, హైదరాబాద్ ఒక రాత్రి ప్రయాణం. సంతలో సగం కన్నడం మాట్లాడతాం. కానీ హాకీలో హైదరాబాద్ అన్న పేరు 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పంచుకున్న ఆస్తుల జాబితాలో లేదు. ముఖేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్ మూడింట్లో దేశానికి ఆడితే ఇక్కడ మా బడిలో ఆయన ఫోటో పత్రిక నుంచి కత్తిరించి గోడకు అతికించాం. 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడల ఫైనల్లో పాకిస్థాన్‌ను ఓడించి మనవాళ్లు స్వర్ణం గెలిచింది హైదరాబాద్‌లోనే. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ తొలి సీజన్ మొత్తం హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో ఆడితే, కప్పు ఎత్తింది హైదరాబాద్ సుల్తాన్స్. ఆ పేరు వెనక ఉన్న ఈ సొత్తునంతా మీరు ఒక్క సంతకంతో తీసుకున్నారు. తీసుకోండి, సంతోషం. బదులుగా ఏమిచ్చారు?

మొదటి సీజన్ మ్యాచ్‌లు రూర్కెలా, రాంచీల్లో జరిగాయి. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో ఫైనల్, 4–3 తేడాతో బెంగాల్ టైగర్స్ చేతిలో ఓడిపోయారు. టీవీ ముందు కూర్చున్న మా పిల్లలు ఆ రాత్రి అన్నం తినలేదు. తమ ఊరు ఓడిపోయినట్టే ఏడ్చారు. రెండో సీజన్ చెన్నై, రాంచీ, భువనేశ్వర్‌లలో జరిగింది. అంటే హైదరాబాద్ జట్టు ఇంతవరకు హైదరాబాద్‌లో లీగ్ మ్యాచ్ ఒక్కటి ఆడలేదు. వేదికలు లీగ్ నిర్ణయిస్తుందని మీరంటారు. నిర్ణయించేటప్పుడు మీరు అడిగారా? గచ్చిబౌలి కావాలని గట్టిగా ఒక్కసారైనా బల్ల గుద్దారా? జట్టు పేరు జెర్సీ మీద రాసుకుంటే సరిపోతుందా, ఆ పేరున్న ఊళ్లో ఒక పిల్లవాడు గ్యాలరీలో కూర్చుని చూసే భాగ్యం ఉండొద్దా? చూడని ఆటను ఎవరు ఆడతారు? ఆడేవాళ్లు లేరని మళ్లీ మీరే అంటారు.

మీ మొదటి సీజన్ జాబితాను నేను పేరుపేరునా చదివాను. పీఈటీ ఉద్యోగం మాని చాలా ఏళ్లయినా హాజరు తీసుకునే అలవాటు పోలేదు. ఒడిశా పిల్లలు శీలానంద్ లక్రా, అమన్‌దీప్ లక్రా ఉన్నారు. మణిపూర్ నుంచి నీలకంఠ శర్మ, హర్యానా నుంచి సుమిత్ ఉన్నారు. 68 లక్షలు పెట్టి తెచ్చుకున్న గోంజాలో పెయాట్ ఉన్నాడు. ఆయన మీద నాకు పేచీ లేదు. అర్జెంటీనాకు రియోలో స్వర్ణం తెచ్చి, జర్మనీకి మారి 2023లో ప్రపంచ కప్పు గెలిచినవాడు. పెనాల్టీ కార్నర్‌లో ఆయన డ్రాగ్ ఫ్లిక్ చూడటానికే మా పిల్లలు టీవీ పెట్టించుకున్నారు. కానీ ఒక లెక్క చెబుతాను, కాదనండి. అప్పటి వేలంలో జట్టుకు 4 కోట్ల పర్సు. ఒక్క పెయాట్‌కే ఆరో వంతు దాటింది. భారత ఆటగాళ్ల కనీస ధరలో అట్టడుగు మెట్టు 2 లక్షలు. జట్టులో 24 మంది, 16 మందికి తగ్గకుండా మనవాళ్లు, ఆ పదహారులో నలుగురు జూనియర్లు తప్పనిసరి అన్నది అప్పటి నియమం. ఆ నాలుగు చోట్లను మీ చేతికి ఇచ్చిన ఉద్దేశం ఏమిటి? ఒడిశా హాస్టల్‌లో ఇప్పటికే తయారై, దేశపు జూనియర్ జట్టు దాకా వెళ్లిన కుర్రాణ్ణి వేలంలో చేయెత్తి తెచ్చుకోవడమా? ఆ నాలుగింటిలో ఒక్కదానికైనా ఒక తెలుగు పిల్లవాడి పేరు మీ బల్ల మీదకు వచ్చిందా? రాకపోతే ఎందుకు రాలేదని ఆ గదిలో ఎవరైనా అడిగారా?

మీ లెక్కలో లోతు అంటే వేలం జాబితా ఎంత పొడవుందన్నది. ఇన్ని వందల మంది రిజిస్టర్ చేసుకున్నారు, ఇంతమంది డ్రాగ్ ఫ్లికర్లు, ఇంతమంది డిఫెండర్లు, ఇదిగో మా పూల్. అది బోరు లెక్క. పక్కవాడి పొలంలో నీళ్లున్న చోట గొట్టం దించి తోడుకోవడం. దాన్ని తప్పని నేననను, ఈ సీజన్‌కి పంట పండాలి కదా. కానీ చుట్టుపక్కల చెరువు నిండకపోతే ఏ బోరూ నాలుగేళ్లు నిలవదని గుడిబండలో ఆరో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. మీరు ఏ చెరువులో ఒక తట్ట పూడిక తీశారు?

పంజాబ్‌లో జలంధర్ దగ్గర సంసార్‌పూర్ అనే చిన్న ఊరు పద్నాలుగు మంది ఒలింపియన్లను ఇచ్చింది. ఒక కాలంలో దేశంలో అంతకంటే లోతైన బావి లేదు. తర్వాత ఆ ఊటే సన్నగిల్లింది. పచ్చిక ఉన్నంత కాలం ఆ ఊరిది పైచేయి. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌తో ఆట కృత్రిమ మైదానం మీదికి మారింది, ఊరి పచ్చిక ఊళ్లోనే మిగిలింది. ఊటను నమ్ముకుంటే ఏమవుతుందో సంసార్‌పూర్ చెబుతుంది. ఊటను పెంచితే ఏమవుతుందో కొడగు చెబుతుంది, అది మాకు మరీ దూరం కూడా కాదు. అక్కడ 1997లో పాండండ కుట్టప్ప అనే పెద్దమనిషి ఇంటిపేరుకు ఒక జట్టు చొప్పున హాకీ పండుగ మొదలుపెట్టాడు. తాత గోల్‌లో, మనవడు ఫార్వర్డ్‌లో, అత్తా కోడళ్లు ఒకే జట్టులో. 2024లో 360 కుటుంబాల జట్లు దిగి గిన్నిస్ పుస్తకానికెక్కాయి. ఆ మరుసటి ఏడు 396. నా దృష్టిలో లోతంటే అదీ. 396 జట్లలో దేశానికి ఆడేది ఒక్కడు కావచ్చు, ఆ ఒక్కణ్ణి పట్టుకోవడానికి మిగతావాళ్లంతా ఆడి ఉండాలి. సుందర్‌గఢ్ ఊళ్లలో మేకపోతు బహుమతిగా పెట్టి ఆడిస్తారు. గెలిచిన జట్టు దాన్ని కోసుకుని ఊరంతా పంచుకుంటుంది. మీ దగ్గర ఆడిన ఒడిశా పిల్లల్ని అడిగి చూడండి, మొదటి బహుమతి ఏమిటని. కోటి రూపాయల కంటే ముందు ఒక మేకపోతు పని చేసింది. మా మండలంలో ఒక మేకపోతు పెట్టే మనిషి కోసం నేను ముప్పై ఏళ్లు తిరిగాను. క్రికెట్ టోర్నీకైతే ఫ్లెక్సీతో సహా దాతలు దొరికారు.

మీ బృందం ఎప్పుడైనా ఇటు వస్తుందేమోనని, వచ్చి పిల్లల్ని కొలుస్తారేమోనని ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఒక్క రోజు ట్రయల్‌లో నీలం టర్ఫ్ మీద మా పిల్లవాణ్ణి నిలబెడితే మీరు కొలిచేది వాడి ఆటను కాదు, వాడు పెరిగిన నేలను. మాది గరుసు నేల. బంతి ఒక గులకరాయికి తగిలి మోకాలికి లేస్తుంది, ఇంకో రాయికి తగిలి పక్కకు పోతుంది. అందుకని మావాడు నడుము ఎత్తి నిలబడతాడు, చివరి క్షణం దాకా బంతి మీద కన్ను తీయడు, మణికట్టు మెత్తగా పెట్టుకుంటాడు. టర్ఫ్ మీద బంతి నేలకు అతుక్కుని తీరుగా వస్తుంది. అక్కడ నడుము వంచి, స్టిక్‌ను నేలకు పడుకోబెట్టి ఆపాలి. మా కుర్రాడు వంగడు, బంతి స్టిక్ కిందనుంచి జారిపోతుంది. తడిపిన టర్ఫ్ మీద కాన్వాస్ బూట్లు జారతాయి. అట్ట పట్టుకున్నాయన రాసుకుంటాడు: ట్రాపింగ్ వీక్, ఫుట్‌వర్క్ వీక్. ఆర్నెల్లు టర్ఫ్ మీద ఉంచితే పోయే లోపాలివి. పోనిది ఒకటుంది. రాయికి తగిలిన బంతిని కూడా అందుకోగల చెయ్యి. అది టర్ఫ్ మీద పుట్టినవాడికి రావడం కష్టం. దాన్ని రాసుకునే గడి ఆ కాగితంలో లేదు. మీ కాగితంలో ఉందా?

టర్ఫ్ అంటే ఇంకో మాట గుర్తొచ్చింది. మ్యాచ్‌కి ముందు దాన్ని వేల లీటర్ల నీళ్లతో తడపాలి. మా వైపు అలాంటిది ఒకటి వేయిస్తామని ఎవరైనా వస్తే ఊళ్లో ఆడవాళ్లు బిందెలు పట్టుకుని అడ్డం పడుకుంటారు, నేనూ వాళ్ల పక్కనే కూర్చుంటాను. కాబట్టి గుడిబండకు టర్ఫ్ అడగడం లేదు. ఇప్పటికే ఉన్న టర్ఫ్ దగ్గరికి మా పిల్లల్ని ఏడాదికి రెండు నెలలు తీసుకెళ్లమంటున్నాను. వేసవి సెలవుల్లో గచ్చిబౌలి టర్ఫ్ మీద ఎంతసేపు ఎంతమంది ఆడతారో మీకే తెలియాలి.

మా వైపు ఏమీ లేదనే మాట కూడా నిజం కాదు. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్‌డీటీ సంస్థకు క్రీడా గ్రామం ఉంది, అందులో హాకీ ఉంది. స్పెయిన్ హాకీ మనుషులు వచ్చి 'స్టిక్ ఫర్ ఇండియా' పేరుతో మా ఉమ్మడి జిల్లా పల్లె పిల్లల చేతికి స్టిక్కులిచ్చారు. 2025లో ఆ సంస్థకు విదేశీ విరాళాల అనుమతి ఆగినప్పుడు జిల్లా జనం రోడ్డెక్కారు. క్యాంపుల్లో ఆడిన పిల్లల తల్లిదండ్రులు కూడా అందులో ఉన్నారు. ధర్మవరంలో మగ్గం గుంతలో నుంచి లేచి వచ్చి సాయంత్రం స్టిక్ పట్టుకునే పిల్లలున్నారు. స్పెయిన్ వాళ్లకు కనిపించిన మా నేల హైదరాబాద్ వాళ్లకు ఎందుకు కనిపించలేదు?

ఇక రజని సంగతి. ఎతిమార్పు రజని పేరు మీకు తెలియకుండా ఉండదు. పాత చిత్తూరు జిల్లాలో యర్రావారిపాలెం మండలం ఎనుములవారిపల్లె. తండ్రి వడ్రంగి. ఆ ఇంట్లోంచి వచ్చిన పిల్ల 2017 ఆసియా కప్ గెలిచిన జట్టులో ఉంది, 2022 కామన్వెల్త్‌లో కాంస్యం తెచ్చిన జట్టులో ఉంది. సవితా పూనియా లాంటి గోల్ కీపర్ ముందుండగా ఏళ్ల తరబడి రెండో గోల్ కీపర్‌గా నిలబడింది. ఎప్పుడు పిలుస్తారో తెలియదు, పిలిచిన రోజు తడబడకూడదు. డెప్త్ అన్న మాటకు నాకు తెలిసి అంతకంటే మంచి అర్థం లేదు. 2024 జనవరిలో మస్కట్‌లో ఐదుగురి హాకీ తొలి ప్రపంచ కప్ జరిగితే, ఆ రెండో గోల్ కీపరే భారత జట్టుకు కెప్టెన్. ఫైనల్ దాకా తీసుకెళ్లి రజతం తెచ్చింది. మేం అనంతపురం వైపు నుంచి చిత్తూరు వైపుకు తిరిగి దండం పెట్టాం.

ఇప్పుడు చెప్పండి. తెలుగు నేల ఈ తరంలో దేశానికిచ్చిన అతి పెద్ద హాకీ పేరు ఒక ఆడపిల్లది. తెలుగు నేల పేరు పెట్టుకున్న మీకు మహిళల జట్టే లేదు. లీగ్‌లో మహిళలకు నాలుగే జట్లు, అందులో హైదరాబాద్ ఎందుకు లేదు? మొదటి సీజన్ వేలంలో మగ జట్టుకు 4 కోట్ల పర్సు ఉంటే మహిళల జట్టుకు 2 కోట్లు. ఒక్క పెయాట్‌కు పెట్టిన డబ్బుకు మూడు రెట్లు కూడా కాదు అది. మా దగ్గర ఆడేవాళ్లలో సగానికి పైగా ఆడపిల్లలే, నిజం చెబితే మగపిల్లల కంటే పట్టుదల ఎక్కువ. ఇంట్లో పెళ్లి మాట వచ్చే లోపల ఏదో ఒకటి సాధించాలని వాళ్లకొక గడియారం ఉంటుంది. ఆ గడియారం మీ సీజన్ క్యాలెండర్ కంటే వేగంగా తిరుగుతుంది.

గోల్ కీపర్ల గురించి ఒక మాట కూడా చెప్పాలి, ఎందుకంటే లోతు కొలిచేటప్పుడు అందరూ మరిచేది వాళ్లనే. ఫార్వర్డ్‌కి ఒక స్టిక్ చాలు. గోల్ కీపర్‌కి ప్యాడ్లు, కికర్లు, చేతి రక్షణలు, ఛాతీ కవచం, హెల్మెట్ కావాలి. ఆ సామాను కొనే స్తోమత ప్రభుత్వ బడికి ఎక్కడిది? ఒక్క కిట్ ఉంటుంది, అది ఆరేళ్లు ముగ్గురు పిల్లలకు మారుతుంది, పొట్టివాడు వేసుకుంటే నడవలేడు, పొడుగువాడు వేసుకుంటే మోకాలు బయట. అందుకే గోల్‌లో ఎప్పుడూ ఫార్వర్డ్‌గా పనికిరాడనుకున్నవాణ్ణి నిలబెడతాం. అదీ మన ఖర్మ. పి.ఆర్. శ్రీజేశ్‌ని చూడండి. కేరళలో కిళక్కంబలం పిల్లవాడు, తిరువనంతపురం జి.వి. రాజా క్రీడా పాఠశాలకు చేరేనాటికి హాకీ మనిషే కాడు, పరుగులు తీసేవాడు, వాలీబాల్ ఆడేవాడు. అక్కడ కోచ్ గోల్‌లో నిలబెట్టాడు. టోక్యోలో, పారిస్‌లో రెండు కాంస్యాలకు ఆ చేతులే కాపలా. అప్పుడు కేరళలో హాకీ పూల్ ఎంత లోతుందని ఎవరైనా కొలిచారా? కొలిచి ఉంటే ఆ అట్ట పట్టుకున్నాయన అక్కడ కూడా అడ్డగీత గీసేవాడు.

పోయిన సంవత్సరం నేను తీసుకెళ్లిన ఇద్దరిలో ఒకడు ఇప్పుడు ఆడటం లేదు. ఆ సెలక్షన్ అయిన నెలకు వాళ్లమ్మను కలిశాను. శెనక్కాయ కట్టె పీకే పనిలో ఉంది, తల ఎత్తకుండానే అడిగింది: "ఆ కట్టె పట్టుకోని ఎగిరితే ఏమొస్తాది సా? వాళ్ల చిన్నాయన బెంగళూరులో దినానికి ఎనిమిదొందలు తెస్తాండాడు." నా దగ్గర జవాబు లేదు. రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉంటుందమ్మా అని అంటే, అక్కడికి చేరే దారి ఏదని ఆవిడ అడగదు, నాకే అడగాలనిపిస్తుంది. హైదరాబాద్ పేరున్న జట్టు ఒకటుంది, అందులో నీ కొడుకులాంటి పిల్లలకు చోటు వెతుకుతారమ్మా అని చెప్పగలిగితే ఎంత బాగుండేది. మీరు నా నోటికి ఆ మాట ఇవ్వలేదు. ఆ పిల్లవాడు ఇప్పుడు యశ్వంతపురం వైపు ఎక్కడో కేబుల్ తీగలు లాగుతున్నాడు. వాడి స్టిక్ మా ఇంట్లోనే ఉంది. మీ లెక్కల్లో వాడు ఎక్కడా లేడు, ఎందుకంటే మీ పూల్‌లోకి ఎక్కనివాడు పూల్‌లోంచి పోయినట్టు కూడా లెక్క రాదు. పందొమ్మిదేళ్లవాణ్ణి మీరు వేలంలో చూస్తారు. పదమూడేళ్లకు మొదలుపెట్టి పదహారేళ్లకు మానేసినవాళ్లు ఎంతమంది, ఎందుకు మానేశారు అన్న లెక్క ఏ జట్టైనా రాసుకుంటుందా? లోతు కొలవాలంటే నేను మొదట అడిగేది ఆ లెక్కే.

పెద్దపెద్ద అకాడమీలు కట్టమని అడగడం లేదు. శంకుస్థాపన రాళ్లు మా దగ్గర ఇప్పటికే సరిపడా ఉన్నాయి, పిల్లలు వాటి మీద బ్యాగులు పెట్టుకుంటారు. మీ బృందంలో ఒక మనిషిని, ఆట తెలిసినవాణ్ణి, ఏడాదిలో పదిహేను రోజులు రెండు తెలుగు రాష్ట్రాల జిల్లాలకు పంపండి. ఒక్క పూట ట్రయల్ కాదు. వరసగా నాలుగు రోజులు ఒక్కచోట కూర్చుని చూడాలి. మొదటి రోజు భయపడిన పిల్ల మూడో రోజు ఎలా ఆడుతుందో చూడాలి. బడుల మధ్య ఎస్‌జీఎఫ్ అండర్ 14 ఆటలు జరిగేటప్పుడు రావాలి, పత్రికలవాళ్లు రాని చోటికి రావాలి. వచ్చేటప్పుడు బర్త్ సర్టిఫికెట్ చూసి మొహం చిట్లించకూడదు. మా పాత రిజిస్టర్లలో జూన్ నెలలో పుట్టినవాళ్లు ఎందుకంత ఎక్కువో నేను వివరంగా చెబుతాను, అది మోసం కాదు, బడిలో చేర్చుకున్న రోజు సారు చేతికి వచ్చిన తేదీ. చూసి నచ్చినవాళ్లలో ఇరవై మందికి వేసవిలో టర్ఫ్ చూపించండి. అందరూ పనికిరాకపోవచ్చు. ఇరవైలో ఒక్కడు వచ్చినా ఆ ఒక్కడి వెనక మళ్లీ అరవై మంది స్టిక్ పట్టుకుంటారు. మిగతా పందొమ్మిది మందిలో ఒకరిద్దరు రేపు నాలాంటి పీఈటీలవుతారు, నాకు అదీ లాభమే.

ఇదంతా లాభనష్టాల లెక్కలో సరిపోదని మీ అకౌంటెంటు అనొచ్చు. ఆయన్ని ఒక్క ప్రశ్న అడగండి. సొంత ఊళ్లో ఒక్క మ్యాచ్ ఆడని, సొంత భాష మాట్లాడే పిల్లవాడు లేని జట్టు జెర్సీని ఎవరు కొనుక్కుంటారు? ఆ ఫైనల్ రోజు ఏడ్చిన మా పిల్లలు ఇంకెన్నేళ్లు ఊరికే ఏడుస్తారు? ఇంకో రెండేళ్లు ఇలాగే అయితే వాళ్లు బెంగాల్‌నో, తమిళనాడునో తమదనుకుంటారు, అప్పుడు వాళ్లను తప్పుపట్టే హక్కు నాకూ ఉండదు, మీకూ ఉండదు.

మీ నుంచి జవాబు కోసం చూస్తాను. కాగితం మీద వద్దు, మనిషిని పంపండి. హిందూపురంలో రైలు దిగి మడకశిర మీదుగా గుడిబండ బస్సెక్కాలి. హాకీ గ్రౌండ్ ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు, హైస్కూల్ ఎక్కడని అడగండి. సాయంత్రం నాలుగున్నర దాటాక రావాలి, అంతకు ముందు ఎండకు గరుసు కాలుతుంది. గోల్‌లో ఒక ఎనిమిదో తరగతి పిల్ల ఉంటుంది, ఎడమ కాలికి ఒక్క ప్యాడ్ కట్టుకుని. కుడి కాలిది పోయిన వానాకాలంలో చెదలు తినేశాయి. వచ్చేటప్పుడు ఆ కాలికి సరిపోయేది ఒకటి తెస్తే మంచిది, కొలత నేను రాసి ఉంచాను.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
గుడిబండ, శ్రీ సత్యసాయి జిల్లా